జైలు శిక్ష పూర్తయిన తమ్ముడికి బెంగళూరులో ఐటీ ఉద్యోగం దొరుకుతుందా?

మీరు రాసింది చదివానమ్మా. తమ్ముడు కొట్లాట కేసులో శిక్ష ముగించుకుని వచ్చాడు, డిగ్రీ ఉంది, కె.ఆర్.పురంలో మీ దగ్గరే ఉంటున్నాడు, సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్టింగ్ కోర్సుకు డబ్బు కట్టాలా అని అడిగారు. ఉద్యోగం దొరుకుతుంది. ఫీజు మాత్రం ఇప్పుడే కట్టకండి, ముందు చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి.

నేనూ కొందరు స్నేహితులూ మారతహళ్లిలో ఆదివారాలు ఇలాంటి కుర్రాళ్లకు టెస్టింగ్ నేర్పిస్తున్నాం. ఎక్కువమంది అనంతపురం, చిత్తూరు వైపు వాళ్లు. పాఠాలు వాళ్లకు బాగానే ఎక్కుతాయి. ఆగిపోయేది ఓటీపీ దగ్గర. లోపల ఉన్నన్నాళ్లూ రీఛార్జ్ ఉండదు కాబట్టి పాత సిమ్ రద్దయి, ఆ నంబరు వేరేవాళ్లకు వెళ్లిపోతుంది. ఆధార్‌కూ బ్యాంకుకూ పీఎఫ్‌కూ ఇచ్చింది ఆ నంబరే. ఒక అబ్బాయి జీతం ఖాతా తెరవబోతే ఓటీపీ ఎవరో తెలియని మనిషికి వెళ్లింది. ఫోన్ చేసి బతిమాలితే, ఆయన ఇదేదో మోసమనుకుని పెట్టేశాడు. అందుకే ముందు కొత్త సిమ్ తీయించి, ఆధార్ సేవా కేంద్రంలో నంబరు మార్పించండి.

తర్వాతది బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, అంటే ఉద్యోగంలో చేర్చుకునే ముందు కంపెనీ మన పాత వివరాలు ఆరా తీయడం. అసలు టెన్షన్ ఇక్కడే. ‘మీ మీద క్రిమినల్ కేసు ఉందా, శిక్ష పడిందా’ అని ఫారంలో అడుగుతారు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో దరఖాస్తు దశలోనే ఈ ప్రశ్న అడగకూడదని చట్టాలున్నాయి. మన దగ్గర ప్రైవేటు కంపెనీలకు అలాంటి అడ్డు లేదు. ‘లేదు అని టిక్ పెట్టెయ్, ఎవరు చూస్తారు’ అనే కన్సల్టెన్సీ వాళ్ల మాట వినొద్దు. కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ సైటులో పేరుతో వెతికితే కేసు బయటపడొచ్చు. అప్పుడు ఉద్యోగం పోయేది పాత కేసు వల్ల కాదు, అబద్ధం వల్ల.

అందుకే మేం ఇంటర్వ్యూ అయ్యాక, ఆఫర్ లెటర్ రాకముందే హెచ్‌ఆర్‌కు నేరుగా చెప్పిస్తాం. అదే రోజు మెయిల్ కూడా పెట్టిస్తాం. ఆ మాటలు ముందే బాగా ప్రాక్టీసు చేయిస్తాం: “గొడవలో ఒకతన్ని గాయపరిచాను. శిక్ష పడింది, పూర్తి చేశాను. జడ్జిమెంటు కాపీ నా దగ్గరుంది, చూపిస్తాను.” అంతే. ‘స్నేహితుల వల్ల’ అనో, ‘నా ఖర్మ’ అనో మొదలుపెడితే ఆపేసి మళ్లీ మొదటినుంచి చెప్పమంటాం. జావా ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం కంటే ఈ నాలుగు ముక్కలు తల దించుకోకుండా చెప్పడానికే చాలామందికి ఎక్కువ కాలం పడుతుంది.

కోర్టు నిర్దోషులని వదిలేసినవాళ్లు కూడా ఇది చదువుతుంటే, తీర్పు సర్టిఫైడ్ కాపీ తప్పకుండా తీసుకోండి. 2022 జైళ్ల లెక్కల ప్రకారం మన జైళ్లలో ఉన్నవాళ్లలో నాలుగింట మూడు వంతుల మంది విచారణ ఖైదీలే, అంటే ఇంకా తీర్పు రానివాళ్లే. అలాంటివాళ్లు తర్వాత నిర్దోషిగా బయటికొచ్చినా కేసు నంబరు రికార్డులో కనిపిస్తూనే ఉంటుంది.

ఎక్కడ ప్రయత్నించాలంటే, వేరే కంపెనీల (క్లయింట్ల) కోసం పని చేసిపెట్టే పెద్ద సర్వీస్ కంపెనీలను మొదట పక్కన పెట్టండి. అక్కడ క్లయింట్ షరతులు అడ్డొస్తాయి, బ్యాంకు ప్రాజెక్టయితే మరీ. సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న ప్రొడక్ట్ కంపెనీలు, వెబ్‌సైట్లు చేసే ఏజెన్సీలు నయం, యజమానితోనే మాట్లాడొచ్చు. ఈలోగా కంప్యూటర్ షాపులుండే ఎస్.పి.రోడ్డులో ల్యాప్‌టాప్ సర్వీస్ షాపులో చేరినా మంచిదే. అది ఐటీ కాదని తీసిపారేయకండి. రెజ్యూమెలో ఖాళీ తర్వాత ఒక పని కనబడుతుంది, ‘ఈ అబ్బాయి నమ్మకస్తుడు’ అని ఫోన్లో చెప్పే ఓనరు దొరుకుతాడు. మా దగ్గర ఉద్యోగాలు వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఆ ఒక్క ఫోన్ కాలే పని చేసింది.

ఇది జరిగే పనేనా అని తమ్ముడు అడిగితే శాన్ క్వెంటిన్ సంగతి చెప్పండి. కాలిఫోర్నియాలోని ఆ జైల్లో ద లాస్ట్ మైల్ అనే సంస్థ 2010లో మొదలై, 2014 నుంచి ఇంటర్నెట్ లేకుండానే కోడింగ్ నేర్పిస్తోంది. అక్కడ నేర్చుకుని బయటికొచ్చి ఇంజనీర్లుగా స్థిరపడినవాళ్లున్నారు. మన ఢిల్లీలోని తీహార్ జైల్లోనూ 2011లో కంపెనీలు లోపలికే వచ్చి క్యాంపస్ ఇంటర్వ్యూలు చేశాయి.

చివరిగా ఒకటి. ఉద్యోగం వచ్చిన కొత్తలో చాలామంది తామే మానేస్తారు. క్యాంటీన్‌లో ఎవరో ‘అంతకుముందు ఎక్కడ చేశావు’ అని మామూలుగా అడిగినా ఆ రాత్రి నిద్ర పట్టదు, మర్నాడు ఆఫీసుకు వెళ్లరు. అప్పుడు ఫోన్ చేసి మాట్లాడుకోవడానికి ఒక మనిషిని ఇప్పుడే చూసి పెట్టండి. అది మీరు కాకపోతేనే మంచిది. అక్క బాధపడుతుందని మీ దగ్గర కొన్ని దాచుకుంటాడు.