పాత డీజిల్ మోటార్‌హోమ్ కొని వెనక కారు కట్టుకుని వెళ్ళాలంటే ఏం చూసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: డాలస్‌లో ఉంటారు. 38 అడుగుల పాత డీజిల్ పుషర్ (ఇంజిన్ వెనక ఉండే డీజిల్ మోటార్‌హోమ్, అంటే లోపల ఇల్లులా ఉండే బండి) ఒకటి బేరానికి వచ్చింది, ముప్పై వేల మైళ్ళే తిరిగింది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, వాళ్ళతో కొలరాడో వెళ్ళాలి, వెనక మీ కారు కట్టుకోవాలి. బండిలో ఏం చూడాలి, కారు కట్టడానికి ఏం కొనాలి, ఉన్న లైసెన్సు సరిపోతుందా?

నేను ఇలాంటి బండే ఆరేళ్ళు నడిపాను, పోయినేడాది అమ్మేశాను. అందుకే మీ ప్రశ్నలో "ముప్పై వేల మైళ్ళే" అన్న మాట దగ్గర ఆగిపోయాను. కారుకైతే అది మంచి మాట. దీనికి కాదు. ఈ బండి తిరిగి పాడవడం తక్కువ, నిలబడి పాడవడం ఎక్కువ. ముప్పై వేల మైళ్ళంటే ఇంజిన్‌కు లెక్కే కాదు, కానీ అన్నేళ్ళూ ఎండలో కదలకుండా ఉన్న రబ్బరు సంగతేంటి?

ముందు టైర్లు చూడండి. నేను కొన్నప్పుడు ఆరు టైర్లూ నల్లగా నిగనిగలాడుతున్నాయి, గాట్లు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి. అమ్మినాయన కూడా అదే చూపించి మురిసిపోయాడు. టైరు పక్కన డాట్ (DOT) అన్న అక్షరాల తర్వాత చివర్లో నాలుగు అంకెలుంటాయి, 2309 అని ఉంటే 2009లో 23వ వారం తయారైందని. నా బండి ముందు చక్రాల టైర్లకు అప్పటికే పదేళ్ళు. మిషలిన్ వాళ్ళు ఐదేళ్ళు దాటాక ఏటా చూపించుకోమనీ, ఎంత బాగున్నా పదేళ్ళకు మార్చెయ్యమనీ చెబుతారు. నన్నడిగితే ఏడేళ్ళకే మార్చెయ్యాలి. ఆ అంకెలు కొన్ని టైర్లకు లోపలి వైపే ఉంటాయి, టార్చి పట్టుకుని చూడాల్సిందే. వెనక జంట టైర్లలో లోపలిదాని గాలి చూడ్డానికి బద్ధకించకండి. మా నాన్నగారికి లారీ ఉండేది, క్లీనర్ రోజూ పొద్దున్నే రాడ్‌తో ఆరు టైర్లూ కొట్టి చప్పుడు వినేవాడు. నేను గేజి వాడేవాణ్ణి గానీ, అలవాటు మాత్రం అక్కడిదే.

తర్వాత బెల్టులు, కూలెంట్ గొట్టాలు, ఫిల్టర్లు, ఎయిర్ డ్రయర్ (గాలి బ్రేకులకు వెళ్ళే గాలిలో తేమ పీల్చేది) కార్ట్రిడ్జ్. వీటి రసీదులు అడగండి. ఆ ఏడాది తిరిగింది మూడు వేల మైళ్ళే అయినా ఇంజిన్ ఆయిలు, ఫ్యూయల్ ఫిల్టర్లు ఏడాదికోసారి మార్చాల్సిందే. ఎయిర్ డ్రయర్‌ది రెండు మూడేళ్ళకోసారి, లేకపోతే తేమంతా బ్రేకు ట్యాంకుల్లోకి చేరుతుంది. జనరేటర్‌ను నెలకోసారి ఏసీ లోడ్ మీద ఓ గంటో రెండు గంటలో నడపాలి. అమ్మేవాళ్ళ దగ్గర రసీదులు లేవంటే అవేవీ జరగలేదనే అనుకుని బేరం ఆడండి. బండి 2010 తర్వాతి ఇంజిన్‌ది అయితే డెఫ్ (ఇంజిన్ పొగను శుభ్రం చెయ్యడానికి పోసే ద్రవం) ట్యాంకు కూడా ఉంటుంది. అందులో ఏళ్ళ తరబడి నిలవున్నది పనికిరాదు, తీసేసి కొత్తది పోయాలి.

ఇక నన్ను నిజంగా ఏడిపించింది రేడియేటర్. మొదటి వేసవిలో అమరిల్లో మీదుగా న్యూ మెక్సికోలోని రాటన్ వెళ్ళి, అక్కడ ఐ-25 హైవే ఎక్కాం. కొలరాడోలోకి వెళ్ళే కొండదారి రాటన్ పాస్ 7,834 అడుగుల ఎత్తు. వెనక కారు ఉంది. సగం ఎక్కేసరికి ఇంజిన్ వేడి చూపే ముల్లు 195 నుంచి 220 డిగ్రీల ఫారన్‌హీట్‌కి పాకింది, అలారం మోగింది. ఇంజిన్ వేడి కాస్తయినా లాగుతుందని జూలై ఎండలో ముందు హీటర్ పూర్తిగా పెట్టి, కిటికీలు తీసి, మా ఆవిడ చెంగుతో విసురుకుంటుంటే మెల్లగా పక్కకి ఆపాను. విచిత్రం ఏమిటంటే, బయల్దేరే ముందు రోజే రేడియేటర్‌ను గొట్టంతో శుభ్రంగా కడిగాను.

పొరపాటు అక్కడే జరిగింది. వెనక రేడియేటర్ ఉన్న పుషర్లలో ఫ్యాను గాలిని ఇంజిన్ వైపు నుంచి బయటికి తోస్తుంది. కాబట్టి మురికి పట్టేది లోపలి వైపు. పైగా ఇంజిన్ లోపలి ఆవిర్లను బయటికి పంపే బ్రీదర్ గొట్టం వాటిని అక్కడే వదులుతుంది, అందులోంచి వచ్చే నూనె తుంపర రేకుల మీద పడుతుంది, దాని మీద రోడ్డు దుమ్ము అతుక్కుంటుంది. బయట నుంచి చూస్తే అద్దంలా ఉంటుంది! కొలరాడోలోని ప్యూబ్లోలో మెకానిక్ ఒకాయన పడకగదిలో మంచం ఎత్తి, కింద మూత తీసి టార్చి వేసి చూపించాడు. దోసెల పెనానికి పట్టిన మడ్డిలా ఉంది. అల్యూమినియాన్ని పాడుచెయ్యని డీగ్రీజర్ (జిడ్డు వదిలించే ద్రవం) కొట్టి, నానబెట్టి, తక్కువ ఒత్తిడి నీళ్ళతో లోపలి నుంచి కడగాలి. ప్రెషర్ వాషర్ పెడితే రేకులు వంగిపోతాయి. బ్రీదర్‌కు మరో గొట్టం తగిలించి రేడియేటర్ దాటి కిందికి వదిలితే మళ్ళీ అంత త్వరగా పట్టదు. మర్నాడు నుంచి ఏ కొండ మీదా 205 దాటలేదు. రేడియేటర్‌ను వెనక కాకుండా పక్క వైపు అమర్చిన బండి దొరికితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది, కానీ అవి కొంచెం ఖరీదు.

ఇంకోటి, ఎక్కేటప్పుడు పెడల్ నేలకు తొక్కి పై గేరులో ఈడ్చకండి. మీరే ఒక గేరు దించి రెండు వేల ఆర్‌పీఎం పైన ఉంచండి. చప్పుడు ఎక్కువైనా, వాటర్ పంపూ ఫ్యానూ గట్టిగా తిరిగి ఇంజిన్ చల్లగా ఉంటుంది.

కారు కట్టే సంగతి. ముందు మీ కారు నాలుగు చక్రాల మీద లాగదగ్గదేనా అన్నది దాని ఓనర్ మాన్యువల్‌లో చూడండి, ఇంకెవరి మాటా వద్దు. నాది 2012 హోండా సీఆర్‌వీ. 2014 దాకా వచ్చినవాటికి అనుమతి ఉంది, 2015లో సీవీటీ (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్) గేరుబాక్సు వచ్చాక లేదు. ఉన్నవాటికి కూడా ఓ తంతు ఉంటుంది: ఇంజిన్ స్టార్ట్ చేసి, గేర్లన్నీ తిప్పి, న్యూట్రల్‌లో మూడు నిమిషాలు నడిపి, అప్పుడు ఆపాలి. లాగేటప్పుడు 65 మైళ్ళు దాటకూడదు. జీప్ రాంగ్లర్‌కైతే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే భాగం) న్యూట్రల్‌లో పెడితే సరి, అందుకే కాంప్‌గ్రౌండ్లలో అన్ని జీపులు కనిపిస్తాయి.

కొనాల్సినవి: కారు ముందు బిగించే బేస్ ప్లేటు, దాన్ని బండికి కలిపే టో బార్, సేఫ్టీ కేబుళ్ళు, లైట్ల వైరింగు, కారు బ్రేకు నొక్కే పరికరం, బార్ ఊడితే కారును ఆపే బ్రేక్‌అవే స్విచ్చి. బ్లూ ఆక్స్, రోడ్‌మాస్టర్ కంపెనీలవి రెండూ బాగానే ఉంటాయి, వాటి మీద నాకు పెద్ద పట్టింపు లేదు. పట్టింపు ఉన్నది బ్రేకు మీద. "ఇంత పెద్ద బండికి మూడున్నర వేల పౌండ్ల కారు ఓ లెక్కా, వేరే బ్రేకు ఎందుకు" అని చాలామంది మనవాళ్ళు వాదిస్తారు. బండి బ్రేకులు లెక్కగట్టేది దాని సొంత బరువుకు, వెనక కట్టినదానికి కాదు. చాలా రాష్ట్రాల్లో 3,000 పౌండ్లు దాటితే బ్రేకు ఉండాలని చట్టం కూడా ఉంది.

బరువు లెక్క స్టిక్కర్ మీదే ఉంటుంది. నా బండికి జీవీడబ్ల్యూఆర్ (సామాను, మనుషులతో సహా బండి ఉండదగ్గ గరిష్ఠ బరువు) 32,000, కారుతో కలిపి ఉండదగ్గ గరిష్ఠ బరువు, అంటే జీసీడబ్ల్యూఆర్, 42,000 పౌండ్లు. హిచ్ (వెనక కారు తగిలించే కొక్కెం) మీద రాసిన బరువు చూసి సరిపెట్టుకోకండి, ఈ మూడిట్లో ఏది ముందు నిండితే అదే హద్దు. ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే బండ్ల కాటా ఉంటుంది, సామాను నింపి, నీళ్ళు నింపి, మనుషులందరూ ఎక్కాక తూయించండి. వంద గ్యాలన్ల నీళ్ళే దాదాపు 830 పౌండ్లు. పైన సోనా మసూరి బస్తా, గ్రైండర్, అమ్మ తెచ్చిన పచ్చడి జాడీలు. ఇరుసు వారీగా వచ్చిన బరువును బట్టే టైర్లలో గాలి నింపాలి.

టో బార్‌తో రివర్స్ వెయ్యకూడదు, పది అడుగులు కూడా. ఓసారి పెట్రోల్ బంకులో ముందుకు దారి లేక ఇరుక్కుపోయాను. ఏటవాలులో పిన్నులు బిగుసుకుపోయి, సుత్తితో కొట్టి కారు విడదీసేసరికి అరగంట పట్టింది, వెనక నాలుగు ట్రక్కులు. అప్పటి నుంచి బయటికి దారి కనిపిస్తేనే లోపలికి తిప్పేవాణ్ణి.

బ్రేకులు గాలివి కాబట్టి రోజూ పొద్దున పరీక్ష ఉంది. పూర్తి గాలి నిండాక, చక్రాలకు అడ్డాలు పెట్టి, ఇంజిన్ ఆపి, కీ ఆన్ చేసి, పార్కింగ్ బ్రేకు వదిలి, పెడల్ నొక్కిపట్టండి. గాలి ఒత్తిడి నిమిషంలో 3 పీఎస్‌ఐ కంటే ఎక్కువ పడకూడదు. తర్వాత పెడల్ కొడుతూ గాలి దించితే 60 దగ్గరకు వచ్చేసరికి హెచ్చరిక మోగాలి, 20కీ 45కీ మధ్య పార్కింగ్ నాబ్ తనంతట తాను బయటికి తన్నుకు రావాలి. రాకపోతే ఆ రోజు ప్రయాణం లేదు.

దిగేటప్పుడు, శ్రీశైలం ఘాట్‌లో లారీవాళ్ళు చేసేదే మీరూ చెయ్యండి: దిగడం మొదలవకముందే గేరు దించండి. ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజిన్ పొగను అడ్డగించి వేగం తగ్గించేది) ఆన్ చేస్తే ట్రాన్స్‌మిషన్ దానంతటదే గేర్లు దించుకుంటుంది. అప్పటికీ వేగం పెరిగితే గట్టిగా ఓసారి బ్రేకు నొక్కి 5 మైళ్ళు తగ్గించి పూర్తిగా వదిలెయ్యండి. నెమ్మదిగా నొక్కిపట్టుకుని కూచుంటే డ్రమ్ములు కాలిపోతాయి. ముందు టైరు పేలితే మాత్రం వెంటనే బ్రేకు మీద కాలు వెయ్యకండి. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, ఓ క్షణం యాక్సిలరేటర్ తొక్కి బండి లైనులోకి వచ్చాక మెల్లగా వేగం తగ్గించండి.

లైసెన్సు: టెక్సస్‌లో 26,000 పౌండ్లు దాటిన మోటార్‌హోమ్‌కు కమర్షియల్ లైసెన్సు అక్కర్లేదు గానీ మామూలు క్లాస్ సీ చాలదు, నాన్ కమర్షియల్ క్లాస్ బీ కావాలి. రాత పరీక్ష, మీ బండిలోనే డ్రైవింగ్ టెస్ట్. చాలామంది ఇది తీసుకోకుండానే తిరుగుతుంటారు. యాక్సిడెంట్ అయ్యాక ఇన్సూరెన్స్‌వాళ్ళు అడిగే మొదటి కాగితం అదేనని గుర్తుంచుకోండి.

అమ్మానాన్నల విషయం: బండి నడుస్తుండగా లేచి కాఫీ పెట్టడం, బాత్రూమ్‌కు వెళ్ళడం ఉండకూడదు, బెల్టు పెట్టుకునే కూర్చోవాలి. గంటన్నరకోసారి ఆపండి. మీరు మాత్రం ఎయిర్ సస్పెన్షన్ మీద నిలబడిన బండి కిందికి ఎప్పుడూ దూరకండి. గాలి పోతే బండి మొత్తం కిందికి కూర్చుంటుంది, స్టాండ్లు పెట్టాకే వెళ్ళాలి.

కొన్న వెంటనే కొలరాడో వద్దు. ముందు లేక్ టెక్సోమా పక్కన ఐసెన్‌హోవర్ స్టేట్ పార్కుకు వెళ్ళి రెండు రాత్రులు ఉండి రండి, ఎక్కడ కారుతుందో ఏది పని చెయ్యదో తెలిసిపోతుంది. రేడియేటర్ వెనకుందా పక్కనుందా, మీ కారు ఏ మోడలో కింద రాయండి, టో బార్ సంగతి అప్పుడు ఇంకాస్త వివరంగా చెబుతాను.