తంబూరా పట్టిచ్చే తేడా: ఎల్పీ రికార్డులు, డిజిటల్ ప్రతులు

తాతగారు వదిలి వెళ్లిన కర్ణాటక సంగీతపు ఎల్పీ రికార్డులను, అంటే ముల్లు పెట్టి తిప్పే ఆ పెద్ద పళ్లేలను, అలాగే వినాలా, డిజిటల్ ప్రతులు సరిపోతాయా, కళాకారులు పాడినది పాడినట్టుగా ఏది వినిపిస్తుంది అని మీరు అడిగారు. ఇరవై ఏళ్లుగా ఎల్పీలు కొని వింటున్నవాడిని. అయినా ఉన్నది ఉన్నట్టు వినిపించడమే కొలమానమైతే డిజిటల్‌కే నా ఓటు. ఎల్పీల మీద నాకున్న మమకారం వేరే సంగతి.

మన సంగీతంలో ఈ తేడాను ముందుగా పట్టిచ్చేది తంబూరా. గాత్రం గమకాలతో, అంటే స్వరాల ఊపులతో, ఎలాగూ కదులుతూ ఉంటుంది కనుక, రికార్డు తిరిగే వేగంలోని చిన్న ఒడుదొడుకులు అందులో కలిసిపోతాయి. నిలకడగా మోగవలసిన తంబూరాలో అవి దాగవు. నా దగ్గరున్న ఒక వీణ రికార్డుకు నడిమి రంధ్రం వెంట్రుకవాసి పక్కకు పడింది. నిమిషానికి 33⅓ చుట్లంటే ఒక్కో చుట్టుకు 1.8 సెకన్లు, సరిగ్గా ఆ లెక్కనే శ్రుతి పైకీ కిందికీ ఊగేది. లోపం యంత్రానిదనుకుని బెల్టు కూడా మార్చాను. ముల్లు ఉన్న చేయి ఇటూ అటూ ఊగడం కళ్లారా చూశాక గాని అసలు సంగతి బోధపడలేదు. సీడీలో ఈ బాధ లేదు.

పైగా, ముల్లు కింద గాడి రికార్డు అంచున సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు పరుగెడితే, లోపలి చుట్లకు వచ్చేసరికి అది 20 దరిదాపులకు పడిపోతుంది. అందుకే రికార్డు ఒక్కో పక్క చివర వచ్చే కీర్తనలో సకార శకారాలు బుసకొడతాయి. పక్కకు ఇరవై, ఇరవై అయిదు నిమిషాలే పట్టడంతో విస్తారమైన రాగాలాపన నడిమధ్యలో లేచి రికార్డు తిప్పవలసి రావడం సరేసరి.

ఎల్పీలోని ‘వెచ్చదనం’ డిజిటల్‌లో రాదనే మాటను నేనూ నమ్మేవాణ్ని. ఒకసారి నా ఎల్పీనే సీడీ కంటే సూక్ష్మంగా, అంటే 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్‌లో కంప్యూటర్‌లోకి ఎక్కించి, రెండింటి ధ్వని స్థాయినీ సమం చేసి, ఏది మోగుతోందో చెప్పకుండా మార్చి మార్చి వినిపించమని మా ఆవిడను కోరాను. ఇరవైసార్లలో పదకొండుసార్లు సరిగా చెప్పాను, అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే. ఆ వెచ్చదనమంతా చిటపటలతో సహా ఫైలులోకి వచ్చేసింది!

అయితే ప్రతి సీడీ నమ్మదగినదేమీ కాదు. నేను కొన్న ఒక సీడీలో పాత టేపును ఎక్కించినవారు వేగం చూసుకోలేదు. వేగం ఆరు శాతం పెరిగితే శ్రుతి అర మెట్టు పెరుగుతుంది, దాంతో ఒకటిన్నర శ్రుతిలో పాడే విద్వాంసుడు రెండులో పాడుతున్నట్టు వినిపించాడు. అదే కచేరీ ఎల్పీలో శ్రుతి సరిగ్గా ఉంది. ఇలాంటి చోట ఎల్పీనే వినాలి, కానీ ఆ తప్పు ఎక్కించినవారిది, డిజిటల్ పద్ధతిది కాదు.

కాబట్టి మీ రికార్డులను శుభ్రంగా కడిగి, కొత్త ముల్లు వేయించి, 24 బిట్లలో ఎక్కించి దాచుకోండి. అసలు రికార్డులను పారేయకండి. చిటపటలు తీసేసే సాఫ్ట్‌వేర్ జోలికి మాత్రం పోవద్దు. నేనొకసారి దాన్ని గట్టిగా వాడితే చిటపటలతో పాటు మృదంగం మీద చాపు అనే దెబ్బలోని పదునూ, తంబూరా తీగ కింద దారం పలికించే జుమ్మనే నాదమూ పోయాయి, ఆ రికార్డును మళ్లీ మొదటినుంచీ ఎక్కించుకోవలసి వచ్చింది.