ప్రపంచం బాగుపడుతుందని మీకు నమ్మకముందా? ఉంటే దాన్ని మార్చాలని తాపత్రయం ఎందుకు?

మీరు అడిగిన రెండు ప్రశ్నలకీ నేను చెప్పగలిగింది మా అమ్మ కథే. మాది దివిసీమ, కోడూరు వైపు సముద్రానికి దగ్గర్లో ఉన్న పల్లె. అక్కడే బడిలో పాఠాలు చెప్తాను.

మా వైపు పెద్దవాళ్లని వయసు అడిగితే సంవత్సరం చెప్పరు. "ఉప్పెనకి నాకు కొత్తగా పెళ్లయింది", "ఉప్పెనకి మావాడు చంటిపిల్లాడు" అంటారు. ఆ ఉప్పెన 1977 నవంబర్ 19న, శనివారం నాడు వచ్చింది. తుఫాను సంగతి రేడియోలో చెప్తున్నారని ఊళ్లో ఎవరో అన్నారట. మన మీదకే వస్తుందని ఎవరూ అనుకోలేదట. మధ్యాహ్నానికి పాకల కప్పులు లేచిపోయాయి. సాయంత్రానికి పదిహేను అడుగులకు పైగా నీళ్లు లేచి ఊళ్ల మీద పడ్డాయి. అప్పుడు అమ్మ చంకలో మా అక్క ఉంది, రెండేళ్ల పిల్ల. అమ్మ కొట్టుకుపోతూ తుమ్మచెట్టు కొమ్మ దొరికితే పట్టుకుంది. తెల్లారేసరికి కొమ్మ చేతిలోనే ఉంది, పిల్ల లేదు.

సర్కారు లెక్క ప్రకారమే దాదాపు పది వేల మంది పోయారు. అంతకంటే చాలా ఎక్కువని మా వైపు ఎవరిని అడిగినా చెప్తారు.

నేను ఆ తర్వాత మూడేళ్లకి పుట్టాను. అమ్మ ఎడం చేతి మీద మోచెయ్యి నుంచి మణికట్టు దాకా తెల్లటి గీతలుంటాయి. తుమ్మముళ్లు చీరిన మచ్చలు. చిన్నప్పుడు ఆ గీతల మీద వేలు పెట్టి దారులు కనిపెడుతూ ఆడుకునేవాణ్ణి. అవేమిటో నాకు పదేళ్లు వచ్చేదాకా చెప్పలేదు.

పదేళ్లప్పుడు, అంటే 1990 మే నెలలో, మళ్లీ పెద్ద తుఫాను వచ్చింది. అది కృష్ణ సముద్రంలో కలిసే చోట తీరం దాటింది. బలంలో 1977 దానికి తీసిపోయేది కాదు. ఈసారి మాత్రం ముందురోజే సర్కారు కబురు మోసే ఊరి తలారి వచ్చి మా గడప ముందు నిలబడ్డాడు. మా నాన్న గొడ్లున్నాయి, ధాన్యం ఉంది అని నసిగితే, "మీరు కదిలేదాకా నేనిక్కడినుంచి కదలను" అన్నాడు. తుఫాను షెల్టర్‌కి వెళ్లాం. రాత్రంతా గాలి తలుపుల్ని పట్టుకుని ఊపుతుంటే, లాంతరు వెలుగులో అమ్మ నా చెయ్యి వదల్లేదు. ఆ రాత్రే మొదటిసారి మా అక్క పేరు విన్నాను. "ఆ రోజు కూడా ఇలా ఒక్కడొచ్చి తలుపు తట్టి ఉంటే..." అని ఆగిపోయింది అమ్మ.

ఆ తుఫానుకి రాష్ట్రంలో వెయ్యికి కాస్త తక్కువ మంది చనిపోయారు. లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు. నేల అదే, సముద్రం అదే. మధ్యలో గడిచింది పదమూడేళ్లు కూడా లేదు. ఆ పదమూడేళ్లలో షెల్టర్లు కట్టారు, బందరులో రాడార్ పెట్టారు, 1983లో ఇన్శాట్-1బి ఉపగ్రహం పైకెళ్లి మేఘాల ఫొటోలు పంపడం మొదలుపెట్టింది. వీటన్నిటి చివర్న మా ఇంటికి వచ్చింది మాత్రం ఆ తలారే. నమ్మకం అన్న మాట ఎవరన్నా నాకు ఆయన మొహమే గుర్తొస్తుంది.

అయితే అన్నీ వరసగా బాగుపడుతూ వచ్చాయని చెప్తే అబద్ధం. 1996 నవంబర్‌లో కోనసీమ తుఫాను వచ్చింది. మళ్లీ వెయ్యి మందికి పైనే పోయారు. వేటకి వెళ్లినవాళ్లు చాలామంది తిరిగి రాలేదు. ఒడిశాలో 1999 అక్టోబర్‌లో దాదాపు పది వేల మంది చనిపోయారు. అదే ఒడిశాలో 2013లో ఫైలిన్ తుఫాను భీకరమైన గాలితో వస్తే, పది లక్షల మందికి దగ్గరగా తరలించారు. చనిపోయినవాళ్ల లెక్క పదుల్లోనే ఆగింది. ఆ వార్త పేపర్లో చదివినప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది.

బంగ్లాదేశ్‌ది ఇంకా పెద్ద కథ. 1970లో ఒక్క తుఫానుకి మూడు లక్షల మందికి పైగా చనిపోయారు. 1991లో లక్షా ముప్పై వేల పైచిలుకు. అక్కడ 1972 నుంచి పల్లెపల్లెకీ వాలంటీర్లని తయారుచేస్తూ వచ్చారు, ఇప్పుడు డెబ్బై వేల మందికి పైగా ఉన్నారు. ఆడవాళ్లు ఇల్లు వదిలి షెల్టర్‌కి రావడానికి జంకుతున్నారని గమనించి, ఆడవాళ్లనే వాలంటీర్లుగా పంపడం మొదలుపెట్టారు. ఇప్పుడు అక్కడ పెద్ద తుఫాను వచ్చినా లక్షల్లో, వేలల్లో చావుల మాట వినిపించడం లేదు. మనకంటే పేద దేశమని అందరూ అనుకునే చోట ఇది జరిగిందంటే, మనిషి మీద నాకు నమ్మకం ఉండకుండా ఎలా ఉంటుంది?

ఇక మీ రెండో ప్రశ్న. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 1977 దానితో పోల్చేంతటిది కాదు, కానీ వర్షం కుండపోత. ముందురోజు లోతట్టు ఇళ్లవాళ్లని మా బడికి తీసుకొచ్చే పనిలో నేనూ ఉన్నాను. చెరువు గట్టున ఉండే అత్త రానంది. డెబ్బై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది.

"గేదె ఈనడానికి ఉంది రా అబ్బాయ్, దాన్నొదిలేసి ఎక్కడికి రాను?"

నేను చెప్పాను, ఇంకో ఇద్దరు చెప్పారు, వినలేదు. చివరికి అమ్మే వెళ్లింది. ఏమీ వాదించలేదు. పలుపు విప్పి గేదెని తోలుకుని బడివైపు నడవడం మొదలుపెట్టింది. "వదినా, ఇదుగో, నీ గేదె వెళ్తోంది, నువ్వు కూడా రా" అంది. ఆ రాత్రి గేదె బడి వరండాలో, అత్త దాని పక్కనే చాప మీద పడుకున్నారు.

మా ఊళ్లో ఒక్క ప్రాణం పోలేదు. కానీ చేలు మునిగాయి. కోసి పనల మీదున్న వరి నీళ్లలో నాని నాలుగో రోజుకి మొలకలేసింది. మా బడి పిల్లాడి తండ్రి నాలుగెకరాలు కౌలుకి చేస్తాడు. ఒక పన ఎత్తి చూపించాడు, కంకి నిండా పచ్చటి మొలకలు, వేళ్లు ఒకదానికొకటి అల్లుకుపోయి ఉన్నాయి. అప్పు తనది, ఎరువు తనది, చాకిరీ తనది. కాగితాల మీద పొలం వేరేవాళ్లది, కౌలుకి చేస్తున్నట్టు సర్కారు ఇచ్చే కౌలు కార్డు అతని పేరు మీద లేదు. నష్టపరిహారం జాబితాలో అతని పేరు రాలేదు. మిగిలిన ప్రాణంతో ఆ మనిషి ఏడాదంతా ఎలా బతకాలో ఏ రాడారూ చెప్పదు.

అందుకే ప్రపంచం మారాలనే అంటాను. పైగా సముద్రం వేడెక్కుతోంది, తుఫాన్లు ఒక్కరోజులోనే బలం పుంజుకుంటున్నాయి. అలల జోరు తగ్గించే మడ అడవిని చేపల, రొయ్యల చెరువుల కోసం కొట్టేసుకున్నాం. 1977లో చావులు తగ్గించడం అసాధ్యం అనుకున్నవాళ్లే ఎక్కువమంది ఉండి ఉంటారు. కౌలు రైతు పేరు ఒక కాగితం మీద ఎక్కించడం రాడార్ పెట్టడం కంటే కష్టమైన పనేం కాదు.

పోయిన వేసవి సెలవుల్లో ముగ్గురికి కౌలు కార్డు దరఖాస్తులు రాసిచ్చాను. ఒకరికి వచ్చింది. మిగతా ఇద్దరికీ పొలం ఆసామి సంతకం కావాలన్నారు. ఆయన ఉండేది హైదరాబాద్‌లో. సంక్రాంతికి ఊరొస్తాడట, అమ్మని కూడా వెంటబెట్టుకుని వెళ్లి అడుగుదామనుకుంటున్నాను.