జీ6పీడీ నార్మల్ అని వచ్చినా మూడు నెలలాగి మళ్లీ ఎందుకు చేయించమంటారు?

మీ బాబుకి మలేరియా మాత్రలు వేశాక రక్తం పడిపోయి కామెర్లు వచ్చాయని, పదో రోజు జీ6పీడీ (ఎర్ర కణాల్ని కాపాడే ఒక ఎంజైము) పరీక్ష నార్మల్ వచ్చినా డాక్టరుగారు మూడు నెలల తర్వాత మళ్లీ చేయించమన్నారని రాశారు. ఎర్ర కణాలు ముసలివయ్యేకొద్దీ ఎంజైములు తగ్గడం నిజమేనా అని కూడా అడిగారు. నిజమేనండి. ఆ డాక్టరుగారి మాట వినండి, మాకు అలా చెప్పేవాళ్లు లేక చాలా అవస్థ పడ్డాం.

మావారు పాడేరు ఏజెన్సీలో టీచరుగా ఉన్నప్పుడు పదేళ్ల మా వాడికి వైవాక్స్ మలేరియా వచ్చింది. లివర్‌లో దాక్కున్న క్రిమి మళ్లీ లేవకుండా ప్రిమాక్విన్ 14 రోజులు వాడమన్నారు. మూడో రోజు పొద్దున్నే బాత్రూంలోంచి "అమ్మా, ఒకసారి రావా" అని పిలిచాడు. వెళ్లి చూస్తే మూత్రం అచ్చం కాఫీ డికాషన్. సాయంత్రానికి కళ్లు పచ్చబడ్డాయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అత్తగారు పసరు మందు పోయిద్దామన్నారు, నేను మాత్రల స్ట్రిప్ పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాను. హిమోగ్లోబిన్ 7. మాత్ర ఆపించారు, రక్తం ఎక్కించాలా వద్దా అని రెండు రోజులు ఒకటే టెన్షన్, చివరికి ఎక్కించకుండానే తేరుకున్నాడు. వారం దాటాక జీ6పీడీ చేస్తే నార్మల్. ఎంజైము బాగానే ఉందని చెప్పి పంపేశారు, మేమూ నమ్మాం.

ఏడాది తర్వాత వేరే జ్వరానికి వెళ్తే ఒక పిల్లల డాక్టరుగారు ఆ పాత కాగితం చూసి, తేదీ మీద వేలు పెట్టి, "ఇది కామెర్లు వచ్చిన ఎన్నో రోజున చేశారమ్మా?" అని అడిగారు. మళ్లీ చేయిస్తే ఎంజైము బాగా తక్కువ.

ఎర్ర కణం ఎముక మూలుగలోంచి బయటికి రాకముందే కేంద్రకాన్ని వదిలేస్తుంది. రక్తంలోకి వచ్చిన ఒకటి రెండు రోజుల్లో ప్రొటీన్ చేసుకునే మిగతా సరంజామా కూడా పోతుంది. ఇక దాదాపు 120 రోజులు పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఎంజైములతోనే కాపురం, అరిగింది అరిగినట్టే. అన్నీ ఒకే లెక్కన తగ్గవు, హెక్సోకైనేజ్ అయితే కణం పసిగా ఉన్నప్పుడే చాలావరకు పడిపోతుంది. మామూలు జీ6పీడీ సగమవడానికి 60 రోజులు పడితే, ఆఫ్రికా మూలాలున్నవాళ్లలో ఎక్కువగా కనిపించే ఏ-మైనస్ రకం 13 రోజులకే సగమైపోతుంది. ప్రిమాక్విన్ లాంటి మందు దెబ్బ నుంచి కణాన్ని కాపాడేది ఈ ఎంజైమే కాబట్టి, అది అడుగంటిన ముసలి కణాలు ముందు పగిలిపోతాయి. ఆ లోటు పూడ్చడానికి మూలుగ కొత్త కణాల్ని గబగబా పంపిస్తుంది. అంటే పదో రోజు తీసిన రక్తంలో ఉన్నవి ఎక్కువగా పసి కణాలే! ఫెయిలయ్యే పిల్లలంతా బడి మానేశాక పరీక్ష పెడితే అందరూ పాసైనట్టు కనిపించరూ, ఇదీ అంతే. మూడు నెలలాగితే ఆ పసి కణాలూ ముసలివై, అసలు లెక్క తేలుతుంది.

1950లలో అమెరికాలో, షికాగో దగ్గరి స్టేట్‌విల్ జైల్లో ఖైదీల మీద చేసిన పరిశోధనల్లోనే ఇది బయటపడింది. మాత్ర ఆపకపోయినా కొన్నాళ్లకి కణాలు పగలడం దానంతటదే తగ్గింది, ఎందుకంటే మిగిలినవి పసివి. 1956లో లోపం ఈ జీ6పీడీలోనే అని తేలింది. ఇది చదివి మాత్ర కొనసాగించొచ్చని మాత్రం దయచేసి అనుకోకండి. మన దేశంలోనూ ఉన్న మెడిటరేనియన్ రకంలో పసి కణాల్లో కూడా ఎంజైము దాదాపు ఉండదు, వాళ్లకి ప్రాణం మీదికి వస్తుంది.

మీ బాబుకి రక్తం ఎక్కించి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పండి, లేకపోతే పరీక్షలో దాత కణాలు కూడా కలిసిపోతాయి. రెండో రిపోర్టు వచ్చేదాకా లోపం ఉన్నట్టే చూసుకోండి. ఈ లోపం ఉన్నవాళ్లకి పడని ప్రిమాక్విన్, డాప్సోన్, నైట్రోఫ్యూరాంటోయిన్ మందుల పేర్లు చీటీ మీద రాసి ఏ డాక్టరు దగ్గరికెళ్లినా చూపించండి, బీరువాలో కలరా ఉండలుంటే (అవీ పడవు) ఈరోజే తీసి పారేయండి. మలేరియా తిరగబెడితే ఆ ప్రిమాక్విన్‌నే రోజూ కాకుండా వారానికొక మోతాదు చొప్పున 8 వారాలు ఇచ్చే పద్ధతి ఉంది, అది కూడా డాక్టరు కనిపెట్టి చూస్తుంటేనే.

ఇంకో మాట. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది, మగపిల్లలకి తల్లి నుంచే వస్తుంది. నా వల్లే వాడికిలా అయిందని చాలా రోజులు ఏడ్చాను, అందులో మన తప్పేమీ లేదండి. మా తమ్ముడికీ చేయిస్తే వాడికీ తక్కువే ఉంది, నిజంగా మేనమామ పోలికే. మీకూ అన్నదమ్ములుంటే మీ బాబుతో పాటు వాళ్లకీ చేయించండి.