ఓడదొంగల మాటలు, ఓడవాళ్ల మాటలు

ప్రశ్న: సినిమాల్లో సముద్రపు దొంగలు మాటమాటకీ 'ఆర్ర్' అని గర్జిస్తూ ఒక వింత యాసలో మాట్లాడతారు. నిజంగా వారికి అటువంటి భాష ఉండేదా? 'పోర్ట్', 'స్టార్‌బోర్డ్', 'నాట్' అనే మాటలు వారు పుట్టించినవేనా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఆ యాస దొంగలది కాదు, ఒక నటుడిది. స్టీవెన్‌సన్ నవల 'ట్రెజర్ ఐలండ్'ను డిస్నీ సంస్థ 1950లో సినిమాగా తీసినప్పుడు, ఒంటికాలి దొంగ లాంగ్ జాన్ సిల్వర్ వేషం కట్టిన రాబర్ట్ న్యూటన్ నైరుతి ఇంగ్లండులోని తన సొంత ప్రాంతపు యాసను బాగా సాగదీసి పలికాడు. అది జనానికి ఎంతగా పట్టేసిందంటే, ఆ తరువాత తెర మీదికి వచ్చిన ఓడదొంగలు చాలామంది అదే గొంతు అందుకున్నారు.

అసలు దొంగల ఓడ మీద ఒకే యాస ఉండే వీలు లేదు. పేరుమోసిన బార్తలోమ్యూ రాబర్ట్స్ వేల్స్ దేశస్థుడు. 1722 ఫిబ్రవరిలో ఆఫ్రికా పడమటి తీరం దగ్గర బ్రిటిష్ యుద్ధనౌకతో పోరులో అతడు చనిపోయాక, పట్టుబడిన అతని మనుషుల్లో అరవై మందికి పైగా ఆఫ్రికన్లు ఉన్నారు. తెల్లవారిని కేప్ కోస్ట్ కోటలో విచారించి 52 మందిని ఉరితీశారు. ఆఫ్రికన్లను విచారణే లేకుండా బానిసలుగా అమ్మేశారు. దొంగల మాటతీరును సరదాగా అనుకరించేవారు ఈ సంగతి కూడా తెలుసుకోవాలని నా కోరిక.

ఓడదొంగల్లో చాలామంది అంతకుముందు వర్తక ఓడల్లో కూలికి పనిచేసినవారే కనుక, వారి నోట పలికిందీ ఓడపని మాటలే. దొంగతనానికి దిగడాన్ని 'ఖాతా మీద వెళ్లడం' అనేవారు. జీతానికి కాక వాటాకు పనిచేయడమని దాని భావం. మీరడిగిన మూడు మాటలూ మాత్రం నావికులందరివీ. పూర్వం ఓడను తిప్పే పెద్ద తెడ్డు కుడివైపు ఉండేది కనుక ఆ పక్క 'స్టార్‌బోర్డ్', అంటే ఓడను తిప్పే పక్క, అయింది. తెడ్డు నలగకుండా ఎడమవైపును రేవుకు ఆనించేవారు కనుక అది 'పోర్ట్'. ఎడమకు అంతకుముందున్న పేరు 'లార్‌బోర్డ్'; గాలి హోరులో 'స్టార్‌బోర్డ్', 'లార్‌బోర్డ్' రెండూ ఒకేలా వినిపించి చుక్కాని తప్పుదిక్కుకు తిరిగే ప్రమాదముండటంతో, 1844లో బ్రిటిష్ నౌకాదళం ఆ పాత పేరును ఉత్తర్వు ద్వారా మాన్పించింది.

'నాట్' అంటే అక్షరాలా ముడి. విసనకర్ర ఆకారపు చెక్కకు అడుగున సీసం బిగించి, నీటిలో నిటారుగా నిలిచేలా చేసి, పొడవైన తాడుకు కట్టి ఓడ వెనుక వదిలేవారు. చెక్క నీటిలో దాదాపు ఉన్నచోటనే నిలుస్తుంది, ఓడ ముందుకు పోతుంది, చుట్ట మీది తాడు జారిపోతూ ఉంటుంది. ఒకడు 28 సెకన్ల ఇసుక గడియారాన్ని తిప్పి పట్టుకుంటే, మరొకడు తన వేళ్ల మధ్యనుంచి జారిపోయే ముడులను లెక్కపెట్టేవాడు. తరువాతి కాలంలో ముడికీ ముడికీ మధ్య ఎడం 47 అడుగుల 3 అంగుళాలుగా స్థిరపడింది. అలా అయిదు ముడులు జారితే ఓడ గంటకు అయిదు నాటికల్ మైళ్లు పోతున్నట్టు. నేటి లెక్కలో ఒక నాట్ గంటకు 1.852 కిలోమీటర్లు. మన వాతావరణ శాఖ వారు వాయుగుండాన్ని తుఫానుగా ప్రకటించేది గాలి 34 నాట్లు అందుకున్నప్పుడే.

ప్రశ్న: మన తీరంలో వినిపించే 'సరంగు', 'తండేలు' అనే మాటలకు ఆ పాత ఓడలతో సంబంధం ఉందా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: ఉంది. ఈస్టిండియా కంపెనీ కాలపు ఓడల్లో పనిచేసిన భారతీయ నావికుల జట్టుకు పెద్ద సరంగు, అతని కింది అధికారి తండేలు. ఆ జట్టుతో పని చేయించుకోవాలంటే ఆంగ్లేయ అధికారులకు వారి మాటలు రావలసి ఉండేది. అందుకోసమే థామస్ రోబక్ 1811లో కలకత్తాలో ఇంగ్లిషు–హిందుస్తానీ నౌకా నిఘంటువును వెలువరించాడు. మీ జిల్లాలో వేటకు వెళ్లే పడవ నాయకుణ్ణి ఇప్పటికీ తండేలు అనే పిలుస్తున్నారు.