నెట్ లేని ఊళ్లలో ఆర్డర్లు, సాయంత్రానికి ఆఫీసులో లెక్కలు: ల్యాప్‌టాప్‌లను ఎలా కలపాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. నరసరావుపేటలో పురుగుమందుల డిస్ట్రిబ్యూషన్. నలుగురు కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని మాచర్ల, దుర్గి, వినుకొండ వైపు డీలర్ల దగ్గరికి వెళ్తారు. చాలా చోట్ల సిగ్నల్ అందదు. ఒకే ఎక్సెల్ ఫైలు గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకుని అందరూ వాడుతున్నారు, రోజూ ఎవరిదో ఒకరి ఎంట్రీ మాయమవుతోంది. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి అన్నారు.

ఈ పంపిణీ వ్యాపారాల్లో ఫీల్డ్ ల్యాప్‌టాప్‌లను ఆఫీసు లెక్కలతో కలిపే పనిలోనే చాలా ఏళ్లుగా ఉన్నాను. కొనడం గురించి చివర్లో చెప్తాను. ముందు ఆ డ్రైవ్ ఫోల్డర్ వాడకం ఈరోజే ఆపేయండి. డ్రైవ్‌కి మీ ఆర్డర్లు, రసీదులు తెలియవు, దానికి తెలిసింది ఫైలు ఒక్కటే. నెట్ లేనప్పుడు ఇద్దరు అదే ఫైలు మార్చితే, ఆలస్యంగా చేరిన ఫైలు ముందుదాన్ని తొక్కేస్తుంది, లేదంటే పక్కన రెండో కాపీ తయారవుతుంది. ఆ రెండో కాపీ సంగతి సంవత్సరాఖరున ఆడిటర్ అడిగేదాకా ఎవరికీ పట్టదు. టాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్ డేటా ఫోల్డర్‌నో, ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ఫైలునో ఇలాంటి ఫోల్డర్లో పెట్టడం ఇంకా ప్రమాదం. ఎస్‌క్యూలైట్ పని చేస్తున్నప్పుడు అసలు ఫైలు పక్కనే నడుస్తున్న మార్పుల కోసం ఒక జర్నల్ ఫైలు కూడా పెట్టుకుంటుంది. డ్రైవ్ ఒకదాన్ని ఇప్పుడు, ఇంకోదాన్ని కాసేపాగి తీసుకెళ్తే అవతల తెరిచేవాళ్లకి చెడిపోయిన డేటాబేస్ దొరుకుతుంది.

ఇక అసలు విషయం. ల్యాప్‌టాప్‌లో చిట్టా (రోజువారీ ఎంట్రీల పుస్తకం) మాత్రమే ఉండాలి, ఆవర్జా (ఖాతాలవారీ లెడ్జర్) ఆఫీసులో ఉండాలి. అంటే కుర్రాడి దగ్గర నుంచి ఆఫీసుకి రావలసింది ఏం జరిగిందన్న సంగతి. ఎంత మిగిలిందన్న అంకె కాదు.

ఒక లెక్క చూడండి. ఏదో ఒక మందు, 250 మి.లీ. సీసాల కేసులు గోడౌన్‌లో 40 ఉన్నాయి. పొద్దున బయల్దేరేటప్పుడు రెండు ల్యాప్‌టాప్‌ల్లోనూ స్టాక్ 40 అనే ఉంది. మాచర్ల వెళ్లినతను 5 కేసులు అమ్మాడు, అతని దాంట్లో 35 అయింది. వినుకొండ అతను 7 అమ్మాడు, అతని దాంట్లో 33. సాయంత్రం ఇద్దరూ సింక్ కొట్టారు, అంటే ల్యాప్‌టాప్ లెక్కలను ఆఫీసు లెక్కలతో కలిపారు. మీ పద్ధతి 'స్టాక్ ఎంత' అనే అంకెను పంపేదైతే ఆఫీసులో 33 పడుతుంది, లేదా 35 పడుతుంది, ఎవరు ఆఖరున కొట్టారన్నదాన్ని బట్టి. నిజంగా గోడౌన్‌లో ఉన్నవి 28. అదే వాళ్లు '5 కేసులు ఫలానా డీలర్‌కి', '7 కేసులు ఫలానా డీలర్‌కి' అని అమ్మకాలు పంపితే ఎవరు ముందొచ్చినా వెనకొచ్చినా కూడికలు, తీసివేతలు అయ్యాక 28 వస్తుంది. డీలర్ బాకీ కూడా అంతే. లక్షా పదివేలున్న బాకీని దిద్ది తొంభై వేలు చేసి పంపకూడదు, 'ఇరవై వేలు నగదు ముట్టింది' అని రసీదు పంపాలి. సింక్ గొడవల్లో పెద్ద వాటా ఈ ఒక్క మార్పుతోనే పోతుంది.

దీనికి తోడు ఇంకో నియమం. ఒకసారి ఆఫీసుకి చేరిన ఎంట్రీని ల్యాప్‌టాప్‌లో దిద్దనివ్వకండి, చెరపనివ్వకండి. అంకె తప్పు పడితే ఎదురు ఎంట్రీ వేసి, సరైనది మళ్లీ రాయాలి. పాత గుమాస్తాలు చిట్టాలో చేసింది ఇదే కదా. డిలీట్ అనేది సింక్‌లో మహా చిక్కు. ఆఫీసులో ఒక వరస చెరిపేస్తారు, ల్యాప్‌టాప్‌లో అది ఇంకా ఉంటుంది. మళ్లీ కలిసినప్పుడు 'ఇక్కడ ఉంది, అక్కడ లేదు' అంటే కొత్తగా చేర్చాలా, ఇక్కడ కూడా తీసేయాలా? ప్రోగ్రామ్‌కి ఎలా తెలుస్తుంది? అందుకే నిజంగా చెరపకుండా 'రద్దు' అని గుర్తు పెట్టి, ఆ గుర్తునే పంపుతారు.

అయితే చిట్టా పద్ధతిలో ఒక పని కాదు. మిగిలింది 4 కేసులే అయినా ఇద్దరూ చెరో 4 కేసులు ఇస్తామని డీలర్లకి ఒప్పేసుకుంటే, నెట్ లేని చోట ఏ సాఫ్ట్‌వేరూ ఆపలేదు. ఇది వ్యాపారం నిర్ణయించుకోవాల్సిన విషయం. సరుకు వ్యాన్‌లోనే వెళ్తుంటే ఒక్కో వ్యాన్‌ని ఒక్కో గోడౌన్‌గా రాసి, పొద్దున లోడ్ చేసిన సరుకును దాని మీదికి బదిలీ చేయండి. టాలీలో గోడౌన్‌లు ఎన్నయినా పెట్టుకోవచ్చు, చాలామంది ఇలాగే చేస్తారు. ఎవరి వ్యాన్ సరుకు వాళ్లే అమ్ముతారు కాబట్టి తగువే రాదు. ఆర్డర్లు మాత్రమే తీసుకుని మర్నాడు సరుకు పంపే పద్ధతైతే ల్యాప్‌టాప్‌లో స్టాక్ అంకె పక్కన 'నిన్న సాయంత్రం ఆరింటికి' అని వేళ కూడా కనపడేలా చేయించండి, ఆర్డర్‌ని ఆఫీసు ఖాయం చేసేదాకా డీలర్‌కి మాటివ్వొద్దని కుర్రాళ్లకి చెప్పండి.

బిల్లు నంబర్ల దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. ల్యాప్‌టాప్‌లన్నీ ఆఖరి బిల్లు 416 అని చూసుకుని తలా ఒక 417 కొడతాయి. జీఎస్టీ నిబంధనల్లో 46వ రూల్ చూస్తే, ఇన్వాయిస్ నంబరు వరస తప్పకూడదు, 16 అక్షరాలు మించకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. కానీ ఒకటి కంటే ఎక్కువ సిరీస్‌లు పెట్టుకోవడానికి అదే రూల్ ఒప్పుకుంటుంది. కాబట్టి ల్యాప్‌టాప్‌కి ఒక సిరీస్: ఎమ్‌సీఎల్/25-26/0417 ఒకరిది, వీఎన్‌కే/25-26/0417 ఇంకొకరిది. టాలీలో అయితే ఒక్కొక్కరికి ఒక్కో వోచర్ టైపు (బిల్లు రకం) తయారుచేసి, దానికి వేరే ప్రిఫిక్స్ (నంబరు ముందుండే అక్షరాలు) ఇస్తే సరిపోతుంది.

మీ టర్నోవర్ 5 కోట్లు దాటుంటే మాత్రం కథ వేరు. 2023 ఆగస్టు 1 నుంచి ఆ పైవాళ్లకి రిజిస్టర్డ్ డీలర్లకిచ్చే బిల్లులన్నిటికీ ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి. దాని ఐఆర్ఎన్ (బిల్లు గుర్తింపు నంబరు) ప్రభుత్వ పోర్టల్ నుంచి రావాలి, అంటే నెట్ లేకుండా బిల్లు పూర్తి కాదు. అలాంటప్పుడు ఫీల్డ్‌లో బిల్లు కొట్టడమనే ఆలోచనే మానేసి, ల్యాప్‌టాప్‌లో ఆర్డర్, కలెక్షన్ రసీదు వరకే ఉంచండి, బిల్లు ఆఫీసులో కొట్టండి. 50 వేలు దాటిన సరుకు రవాణాకి కావాల్సిన ఈ-వే బిల్లు ఎటూ ఆఫీసువాళ్లే తీస్తుంటారు. నన్నడిగితే టర్నోవర్ తక్కువున్నవాళ్లకి కూడా ఇదే మేలు. ఫీల్డ్‌లో ఎంత తక్కువ రాస్తే అంత తక్కువ తగువు.

ఇప్పుడు చెప్పబోయేది బయటికి చిన్నదిగా కనిపిస్తుంది కానీ డబ్బు పోయేది ఇక్కడే. కుర్రాడు వినుకొండ బస్టాండ్ దగ్గర ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి సింక్ కొట్టాడు. 18,500 రసీదు ఆఫీసుకి చేరింది, పుస్తకంలో ఎక్కింది. 'అందింది' అని ఆఫీసు నుంచి జవాబు వచ్చేలోగా సిగ్నల్ పోయింది. ల్యాప్‌టాప్‌కి అది ఇంకా పంపని రసీదే. అరగంటాగి మళ్లీ పంపింది. డీలర్ లెడ్జర్‌లో 18,500 రెండుసార్లు జమ. డీలర్ చెప్తాడా? చెప్పడు. ఒక సంస్థలో ఇలాంటి జంట రసీదులు పంట డబ్బులు వచ్చే సీజన్ మొత్తం అలాగే ఉండిపోగా, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో కలిపి చూసినప్పుడు బయటపడడం నేను దగ్గరుండి చూశాను. అంతకుముందు ఆ కుర్రాడి మీద అనుమానం కూడా పడింది, పాపం. దీనికి విరుగుడు తేలికే. ఎంట్రీ కొట్టిన క్షణంలోనే ల్యాప్‌టాప్ దానికి యూయూఐడీ అనే పొడుగాటి గుర్తింపు సంఖ్య ఇస్తుంది, అది ప్రపంచంలో ఇంకో ఎంట్రీకి వచ్చే అవకాశం లేనట్టే. అదే సంఖ్యతో రెండోసారి వస్తే ఆఫీసు సర్వర్ 'ఇది నా దగ్గరుంది' అని జవాబిచ్చి ఊరుకోవాలి. సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చినవాణ్ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. అతని ఎదుటే సింక్ మధ్యలో వైఫై తీసేసి, మళ్లీ పెట్టి, ఎంట్రీ ఒకటే ఉందో రెండయ్యాయో చూడండి.

గడియారాన్ని నమ్మకండి. 'ఎవరు ఆఖరున మార్చితే అదే నిజం' అనే పద్ధతి చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది, అది ల్యాప్‌టాప్ టైము మీద నడుస్తుంది. పాత ల్యాప్‌టాప్‌లో మదర్‌బోర్డ్ బ్యాటరీ అయిపోతే, ఛార్జింగ్ పూర్తిగా దిగి మళ్లీ ఆన్ చేసినప్పుడు తేదీ ఎన్నో ఏళ్ల వెనక్కి పోతుంది. నెట్ దొరికేదాకా అది సరికాదు. ఆ మధ్యలో కొట్టినవన్నీ పాతవిగా లెక్కకొచ్చి ఓడిపోతాయి. వరసకి ఆఫీసు సర్వర్ అందుకున్న క్రమసంఖ్యే ప్రమాణం. ల్యాప్‌టాప్ వేసిన తేదీ పక్కన ఊరికే ఉండనివ్వండి, తేడా ఎక్కువుంటే ఆఫీసులో ఎర్రగా కనపడాలి.

డీలర్ల పేర్లు, రేట్ల లిస్టు, స్కీములు, వీటి ప్రయాణం ఒకే దిక్కు: ఆఫీసు నుంచి ల్యాప్‌టాప్‌కి. ఫీల్డ్‌లో రేటు మార్చే వీలే ఉండకూడదు. కొత్త డీలర్ దొరికితే? తాత్కాలిక కోడ్‌తో రాయనివ్వండి, ఆఫీసులో చూసి అసలు ఖాతా తెరుస్తారు. లేకపోతే ఒకే శ్రీ వెంకటేశ్వర ట్రేడర్స్‌ని ఒకడు ఇంగ్లిషులో 'ఎస్ఆర్ఐ' అని, ఇంకొకడు 'ఎస్ఆర్ఈఈ' అని మొదలుపెట్టి రెండు ఖాతాలు చేస్తారు. పేరుతో పోల్చొద్దు, 15 అక్షరాల జీఎస్టీ నంబరుతో పోల్చండి. అది లేని చిన్న కొట్లకి పురుగుమందుల లైసెన్స్ నంబరు ఎలాగూ ఉంటుంది, ఉండాలి కూడా.

ఇక ఏది కొనాలి? మీరు ఇప్పటికే టాలీ వాడుతుంటే దాంట్లోనే సింక్రనైజేషన్ ఉంది. పైన చెప్పిన వోచర్ టైపులు, గోడౌన్‌లు విడగొట్టుకుని ముందు దాన్ని ప్రయత్నించండి, నలుగురికి అది చాలొచ్చు. కాకపోతే లెడ్జర్లన్నీ కుర్రాళ్ల ల్యాప్‌టాప్‌ల్లోకి వెళ్లడం మీకు సమ్మతమేనా అని ఆలోచించుకోండి. సొంతంగా చేయించుకుంటానంటే ల్యాప్‌టాప్‌లో ఎస్‌క్యూలైట్, ఆఫీసులో పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్, మధ్యలో పైన చెప్పిన నియమాలతో చిన్న ప్రోగ్రామ్, ఇది నాకు నచ్చిన దారి. ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లోనే నడిచేలా పౌచ్‌డీబీ, ఆఫీసులో కౌచ్‌డీబీ అనే డేటాబేస్‌లు పెట్టి చేసేవాళ్లున్నారు. అది బాగానే కలుపుతుంది. ఒకే ఎంట్రీని ఇద్దరు మార్చితే ఒకటి గెలుస్తుంది, ఓడినదాన్ని కూడా దాచి ఉంచుతుంది. కానీ తనంతట తాను చెప్పదు, ప్రోగ్రామ్ రాసినవాడు అడిగి చూపించాలి. అతను ఆ పని చేశాడో లేదో కనుక్కోండి. బ్రౌజర్ పద్ధతిలో ఇంకో గండం: ఎవరో సలహా ఇచ్చారని కుర్రాడు బ్రౌజర్ డేటా క్లియర్ కొడితే పంపని ఎంట్రీలన్నీ దాంతోపాటే పోతాయి.

సింక్ ఉంది కదా అని బ్యాకప్ మానేయకండి. ఒకచోట చెడింది నాలుగుచోట్లకీ పాకించడం కూడా సింక్ పనే. ల్యాప్‌టాప్‌ల్లో బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకి తాళం వేసే విండోస్ సౌకర్యం) ఆన్ చేసి, రికవరీ కీలు ఆఫీసు బీరువాలో పెట్టుకోండి. బస్సులో బ్యాగు పోతే మందుల రేట్లు, ఏ డీలర్ ఎంత బాకీ అన్నది పక్క డిస్ట్రిబ్యూటర్ చేతిలో పడకూడదు కదా.

స్క్రీన్ మూలన 'ఇంకా పంపనివి' అని పెద్ద అంకె ఒకటి పెట్టించండి. అది సున్నా అయ్యేదాకా ల్యాప్‌టాప్ మూయొద్దని కుర్రాళ్లకి, ప్రతి ల్యాప్‌టాప్ రసీదుల సంఖ్య, మొత్తం రూపాయలు ఆఫీసు అంకెలతో కలిశాకే క్యాష్ తీసుకోమని అకౌంటెంట్‌కి చెప్పండి. మొదటి నెల మాత్రం కాగితం రసీదు పుస్తకం కూడా నడవనివ్వండి. మిర్చికి మందులు కొట్టే రోజుల్లో మాత్రం ఈ మార్పు పెట్టుకోకండి, అమ్మకాలు కాస్త మందగించినప్పుడు మొదలుపెట్టి, ముందు ఒక్క రూట్‌లోనే నడిపి చూడండి.