గుంటూరు మిర్చి యార్డులో నేర్చుకున్న ఫొటో జర్నలిజం

కొత్తగా కెమెరా కొన్నారనీ, గుంటూరులోనే ఉంటూ ఫొటో జర్నలిజం మౌలికాంశాలు ఎలా నేర్చుకోవాలో చెప్పమనీ అడిగారు. ఒక స్థానిక దినపత్రికకు కొన్నేళ్లు ఫొటోలు తీసిన అనుభవంతో చెబుతున్నాను: యార్డు కార్యాలయంలో అనుమతి అడిగి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొన్ని ఉదయాలు మిర్చి యార్డులో గడపండి.

నడిచే మనిషికి షట్టర్ వేగం సెకనులో 1/250 వంతు, టిక్కీ (మిర్చి బస్తా) మోస్తూ వేగంగా కదిలే హమాలీకి 1/500 వంతు సరిపోతుంది. షెడ్డు కింద వెలుతురు తగ్గితే షట్టర్ వేగాన్ని తగ్గించకుండా ఐఎస్‌ఓను (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని) 1600 దాకా పెంచండి. ఫొటో కాస్త గరుకుగా వచ్చినా అచ్చుకు పనికొస్తుంది. ఎండలో పోసిన కాయల ఎరుపును మామూలు ఎక్స్‌పోజర్‌తో తీస్తే ముడతలన్నీ పోయి ఎర్రటి ముద్దలా కనిపిస్తుంది కనుక, అర స్టాపు నుంచి ఒక స్టాపు వరకు (ఒక స్టాపు తగ్గిస్తే ఎక్స్‌పోజర్ సగమవుతుంది) తగ్గించి తీయడం మంచిది.

ఇవి నెల రోజుల్లో చేతికి వస్తాయి. అసలు పాఠం నాకు ఒక తప్పు వల్ల తెలిసింది. మొదటి ఏడాది, టిక్కీల మీద తల పట్టుకుని కూర్చున్న ఒక పెద్దాయనను దూరం నుంచి తీసి, ‘ధర పడిపోయి దిగాలుగా కూర్చున్న రైతు’ అని వ్యాఖ్య రాసి పంపాను. మర్నాడు ఆయనే నన్ను గుర్తుపట్టి, తాను రైతు కాదనీ, తెల్లవారుజాము నుంచి బరువులు మోసి, ఘాటుకు కళ్లు మండుతుంటే కాసేపు కూర్చున్నాననీ చెప్పి, “ఒక్క మాట అడిగుంటే చెప్పేవాణ్ణి కదా బాబూ” అన్నారు. నేను కోరితే పత్రిక డెస్కువారు (వార్తలు సరిచూసి పేజీల్లో పెట్టేవారు) లోపలి పేజీలో రెండు లైన్ల సవరణ వేశారు. ఫొటో చూసినవారిలో ఎంతమంది దాన్ని చదివారో నాకు తెలియదు.

అప్పటి నుంచి ఫొటో తీశాక దగ్గరికి వెళ్లి పేరు, ఊరు, చేస్తున్న పని పుస్తకంలో రాసుకుని, రాసింది వారికే చదివి వినిపిస్తున్నాను. ‘దిగాలుగా’ వంటి మాట వారి నోట వస్తేనే వ్యాఖ్యలో ఉంచుతాను. మళ్లీ ఒకసారి అలా కూర్చోమని ఎవరినీ అడగను. వెలుతురు సరిచేస్తాను గానీ, ఫ్రేములో అడ్డొచ్చిన కరెంటు తీగను కూడా చెరపను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు కూడా ఇదే పద్ధతి పాటించాను. పడవ దిగినవారిని ముందు ఒడ్డు చేరనిచ్చి, మంచినీళ్లు తాగనిచ్చి, ఆ తర్వాతే వివరాలు అడిగాను. వద్దన్నవారి ఫొటోలు డెస్కుకు పంపలేదు.